పెరటి గది కంప్యూటర్‌కి వైఫై కార్డు బిగించడం ఎలా?

మా పర్లాకిమిడి ఇల్లు రైలుపెట్టెలా ఉంటుంది. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. వీధరుగు, ముందు గది, నడిమి గది, వంటిల్లు, ఆఖర్న పెరటి గది. ఫైబర్ నెట్ పెట్టడానికొచ్చిన కుర్రాడు రౌటర్‌ని ముందు గదిలో మేకుకి తగిలించి వెళ్లిపోయాడు. కంప్యూటరేమో పెరటి గదిలో. మధ్యలో మూరెడు మందం పాతకాలం గోడలు మూడు. అందుకని మొదట్లో పెంకుల మీంచి ల్యాన్ వైరు లాగాం. రెండేళ్లు బాగానే నడిచింది. మూడో వేసవిలో ఒక సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు. పిడుగు మా ఇంటి మీద పడలేదు, ఎక్కడో అవతల పడింది. కానీ కంప్యూటర్ వెనక ల్యాన్ పోర్టు దగ్గరుండే పచ్చ లైటు ఆ రాత్రి నుంచి మళ్లీ వెలగలేదు. ఆరుబయట పొడుగ్గా సాగిన రాగి తీగలో, పిడుగు దగ్గర్లో పడినా చాలు, వోల్టేజి పుడుతుంది. చివర్నున్న చిప్పు దానికి బలవుతుంది. మిగతా కంప్యూటరంతా బతికి బయటపడింది, అదృష్టం.

అలా, వైరు లేకుండానే రౌటర్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించే వైఫై కార్డు జోలికి వెళ్లాను. తర్వాత మా వీధిలోనూ, మహేంద్రతనయ ఏటి అవతల పాతపట్నంలో చుట్టాలిళ్లలోనూ కలిపి ఏడెనిమిది బిగించి ఉంటాను. కార్డు గుచ్చడం పది నిమిషాల పని. తప్పులన్నీ అంతకుముందు కొనేటప్పుడో, ఆ తర్వాత ఏంటెన్నా పెట్టేటప్పుడో జరుగుతాయి. అందుకే ఆ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఇంకో మాట. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ‘నిస్తంత్రీ జాల ఫలకం’ అని రాసే ధైర్యం నాకు లేదు. బజార్లో ఏమంటామో అదే రాస్తాను. కార్డు, స్లాటు, డ్రైవరు.

ముందు ఫోనుతో ఒక పరీక్ష

కంప్యూటర్ ఉన్న బల్ల దగ్గర నిలబడి ఫోనులో మొబైల్ డేటా ఆపేసి, ఇంటి వైఫైకి కలపండి. డేటా ఆపడం మర్చిపోవద్దు. ఫోను గుట్టుచప్పుడు కాకుండా టవర్‌కి మారిపోయి, వైఫై బ్రహ్మాండంగా ఉందని మనల్ని నమ్మిస్తుంది. అక్కడ వీడియో కాస్త ఆగుతూనైనా నడిస్తే కార్డు పెట్టొచ్చు. బయట ఏంటెన్నాలున్న కార్డు చాలాసార్లు ఫోను కంటే మెరుగ్గానే అందుకుంటుంది. ఫోనుకి వైఫై పేరు కూడా కనపడకపోతే మాత్రం కార్డుకి డబ్బు తగలెయ్యకండి. రౌటర్‌ని నడిమి గదికి జరిపించుకోవడమో, మధ్యలో వైఫైని మళ్లీ పంచే ఇంకో డబ్బా, అదే యాక్సెస్ పాయింట్, పెట్టుకోవడమో చెయ్యాలి.

ఇంటి లోపలి నుంచే వైరు లాగే దారి ఉంటే అసలు వైరే లాగండి. నిలకడలో వైరుని వైఫై ఎప్పటికీ మించదు. ఇక గోటంత ఉండే యూఎస్‌బీ వైఫై ముక్కలు. రౌటరూ కంప్యూటరూ ఒకే గదిలో ఉంటే అవి చాలు. గోడలు దాటాలంటే చాలవు. లోపలి ఏంటెన్నా చిటికెనవేలి గోరంత, పైగా దాన్ని గుచ్చేది ఇనప డబ్బా వెనకాల, గోడ మూలకి.

స్లాటు చూడకుండా కార్డు కొనొద్దు

కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, పక్క తలుపు తీసి లోపలి పెద్ద బోర్డు, అదే మదర్‌బోర్డు, కింది సగంలో చూడండి. అడ్డంగా వరసగా కార్డులు గుచ్చే స్లాట్లు కనిపిస్తాయి. బాగా పొడుగ్గా, దాదాపు మూడున్నర అంగుళాలుండేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్ 16, గ్రాఫిక్స్ కార్డుది. అంగుళం పొడుగుండే బుల్లిది ఎక్స్ 1. మన వైఫై కార్డు సాధారణంగా ఎక్స్ 1 కొలతలో వస్తుంది. పెద్ద పీట మీద చిన్నపిల్ల కూర్చున్నట్టు, ఆ బుల్లి కార్డు ఎక్స్ 4లోనూ ఎక్స్ 16లోనూ కూడా కూర్చుని పనిచేస్తుంది. కాబట్టి బుల్లి స్లాటు లేదని బెంగపడకండి, పెద్దది ఖాళీగా ఉంటే చాలు.

బాగా పాత మిషన్లలో మాత్రం తెల్లగా, మూడు అంగుళాల పైన ఉండే పీసీఐ స్లాట్లుంటాయి. పేరులో పీసీఐ ఉందని మోసపోవద్దు. నౌపడ నుంచి గుణుపురం లైను మా చిన్నప్పుడు నేరోగేజి, ఇప్పుడు బ్రాడ్‌గేజి. ఆ పెట్టె ఈ పట్టాల మీద నడవదు. ఇదీ అంతే. ఎక్స్‌ప్రెస్ కార్డు పాత పీసీఐలో దిగదు, దించాలని నొక్కితే రెండూ పాడవుతాయి. అన్నీ పాత పీసీఐ స్లాట్లే ఉంటే, పొడుగు ఏంటెన్నా ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ మీద సరిపెట్టుకోవాలి.

కొత్త మదర్‌బోర్డుల్లో వైఫై కోసమే ఒక చిన్న ఎం.2 స్లాటు ఉంటుంది, కీ-ఈ రకం. ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 అది కాదు, గాటు వేరే చోట ఉంటుంది. అందులో పెట్టాలనుకుంటే ఒక మెలిక గుర్తుంచుకోండి. ఇంటెల్ ఏఎక్స్ 200, ఏఎక్స్ 210 మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ రకం. ఏఎక్స్ 201, ఏఎక్స్ 211 మాత్రం సీఎన్‌వీఐ రకం. వీటికి సగం పని ప్రాసెసర్ వైపు నుంచి జరగాలి. అది ఉన్న ఇంటెల్ బోర్డుల్లో తప్ప ఇవి పనిచేయవు. ఒక్క అంకె తేడా. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించేది తరచూ ఈ రెండో రకమే.

నేను చేసిన తప్పు చెప్తాను. మా అక్క కూతురికి ఆఫీసుల్లోంచి తీసేసిన సన్నపాటి డెస్క్‌టాప్ ఒకటి కొన్నాం, పోటీ పరీక్షల ఫారాలు నింపుకోవడానికి. దానికీ వైఫై కార్డు తెప్పించాను. స్లాటు సరిపోయింది, డ్యూయల్ బ్యాండ్ చూసుకున్నాను, అంతా బాగుంది. తీరా బిగించబోతే కార్డు చివరుండే ఇనప రేకు, అదే బ్రాకెట్, ఎత్తుగా పైకి లేచి ఉంది. డబ్బా మూత పడదు. సన్న డబ్బాలకి సగం ఎత్తు బ్రాకెట్ కావాలి. మంచి కంపెనీల పెట్టెల్లో రెండు సైజులూ పెడతారు, నేను తెప్పించిన దాంట్లో ఒకటే ఉంది. “మూత తీసేసి వాడుకుంటాలే మావయ్యా, ఏటవుతాది?” అంది పిల్ల. మా ఇంట్లో ఏటవుతుందంటే బల్లి దూరుతుంది. కార్డు వెనక్కి పంపి, ఇంకోటి వచ్చేదాకా ఆగాం.

కాబట్టి షాపులో మూడు మాటలు చెప్పండి. ‘ఎక్స్ వన్ స్లాటు, డ్యూయల్ బ్యాండ్, హాఫ్ హైట్ బ్రాకెట్ తో సహా.’ బరంపురం షాపులో ఒడియాలో అడిగినా, శ్రీకాకుళంలో తెలుగులో అడిగినా ఈ మూడూ మారవు. డ్యూయల్ బ్యాండ్ అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ పట్టేది. ‘300 ఎంబీపీఎస్’ అని పెద్దక్షరాలతో రాసిన చవక కార్డులు ఎక్కువగా 2.4 ఒక్కటే పట్టే పాత రకాలు. వైఫై 5, అంటే అయిదో తరం వైఫై, కార్డు మామూలు ఇంటికి చాలు. రౌటర్ వైఫై 6 అయితే కార్డు కూడా 6 తీసుకోవడం మంచిది. రౌటర్ పాతదై ఉండి కార్డు ఒక్కటే గొప్పదైతే, ఆ గొప్ప పెట్టెలోనే ఉండిపోతుంది. ఏంటెన్నాలు కార్డుకే బిగించేవి కాకుండా, తీగతో ఉండి అడుగున అయస్కాంతం ఉన్న స్టాండుతో వచ్చేవి దొరికితే వంద ఎక్కువైనా అవే తీసుకోండి. ఎందుకో కింద తెలుస్తుంది.

బిగించే రోజు

కార్డుని విండోస్ గుర్తుపట్టి నడపడానికి కావాల్సిన సాఫ్ట్‌వేరే డ్రైవరు. ల్యాన్ లేని కంప్యూటర్‌కి దాన్ని ఎలా దించుతాం? కార్డుతో వచ్చే సీడీ చూసి నవ్వుకోవడమే, సీడీ డ్రైవ్ ఉన్న మిషన్లు ఎన్ని మిగిలాయి! మూత తియ్యకముందే వేరే కంప్యూటర్‌లో కార్డు కంపెనీ సైటు నుంచి డ్రైవరు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. అదీ లేకపోతే ఫోనుని డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చెయ్యండి. ఆండ్రాయిడ్ ఫోనైతే విండోస్ 10, 11 దాన్ని వైరు నెట్ లాగే చూస్తాయి. ఇది తెలియక ముందు నేను పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని మా ఫ్రెండు ఇంటికి రెండు సార్లు తిరిగాను.

ఇప్పుడు పని. షట్‌డౌన్ చేసి, వెనక స్విచ్ ఆపి, పవర్ వైరు పూర్తిగా పీకండి. పీకాక ముందున్న పవర్ బటన్ అయిదు సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. డబ్బాని బల్ల మీద పక్కకి పడుకోబెట్టండి. లోపల దుమ్ము, చీమలు, ఒక్కోసారి బల్లిగుడ్లు కూడా కనిపిస్తాయి, మెత్తటి బ్రష్షుతో దులపండి. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపర పడుతుంది. ఏదీ ముట్టుకోకముందు డబ్బా లోపల రంగు లేని ఇనుము మీద ఒకసారి చెయ్యి వెయ్యండి, ఒంట్లో పేరుకున్న స్టాటిక్ కరెంటు దానిలోకి పోతుంది. చలికాలంలో ఇది మరీ ముఖ్యం. మన శ్రావణ భాద్రపదాల్లో గాలే తడిగా ఉంటుంది కాబట్టి అంత భయం లేదు.

ఎంచుకున్న స్లాటుకి ఎదురుగా డబ్బా వెనక రేకు ఒకటి అడ్డం ఉంటుంది. స్టార్ స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూ తీసి రేకు లాగెయ్యండి. చవక డబ్బాల్లో స్క్రూ ఉండదు, రేకుని అటూ ఇటూ వంచి విరగ్గొట్టాలి. అంచు బ్లేడులా ఉంటుంది, గుడ్డ పట్టుకుని విరవండి. తీసిన స్క్రూ గిన్నెలో వెయ్యండి. బోర్డు మీద పడి కనపడకుండా పోయిన స్క్రూతో కంప్యూటర్ ఆన్ చేస్తే ఇక చెప్పక్కర్లేదు.

కార్డుని అంచులు పట్టుకుని తియ్యండి, బంగారు రంగు పళ్లని వేళ్లతో ముట్టొద్దు. ఆ పళ్ల వరస మధ్యలో ఒక గాటు ఉంటుంది, స్లాటులో దానికి సరిగ్గా ఒక అడ్డం ఉంటుంది. రెండూ ఎదురెదురుగా పెట్టి, ముందు బ్రాకెట్ కింది కొనని బోర్డుకీ డబ్బా గోడకీ మధ్య సందులోకి దించండి. అప్పుడు రెండు బొటనవేళ్లతో కార్డు పైఅంచు మీద సమంగా, నిటారుగా నొక్కండి. పక్కలకి ఊపొద్దు. మొదట కాస్త బిగువుగా ఉంటుంది, తర్వాత టక్కున శబ్దమేమీ రాకుండానే మెత్తగా దిగిపోతుంది. దిగిందో లేదో ఎలా తెలుస్తుందంటే, పక్క నుంచి వంగి చూస్తే బంగారు పళ్లు అసలు కనపడకూడదు. సన్న గీతలా ఒక కొస మెరుస్తున్నా అది దిగనట్టే. బ్రాకెట్‌ని స్క్రూతో బిగించాక మళ్లీ చూడండి. స్క్రూ బిగించేటప్పుడే ఆ కొస పైకి లేస్తూ ఉంటుంది.

బ్లూటూత్ ఉన్న కార్డయితే ఇక్కడ సగంమంది ఆగిపోతారు. వైఫై స్లాటు నుంచే పనిచేస్తుంది, బ్లూటూత్ మాత్రం యూఎస్‌బీ మీద నడుస్తుంది. పెట్టెలో ఒక సన్నటి తీగ ఉంటుంది. ఒక కొస కార్డుకి, రెండో కొస మదర్‌బోర్డు మీద ‘ఎఫ్ యూఎస్‌బీ’ లాంటి గుర్తున్న తొమ్మిది పిన్నుల చోట గుచ్చాలి. అయిదేసి చొప్పున రెండు వరసలు, ఒక మూల పిన్ను లేకుండా ఖాళీ. ప్లగ్గులోనూ అదే మూల మూసేసి ఉంటుంది, దాన్నిబట్టే దిక్కు తెలుస్తుంది. ఆ తీగ పారేసి ‘బ్లూటూత్ రావట్లేదు, కార్డు డూప్లికేట్’ అని తిట్టినవాళ్లని చూశాను.

ఏంటెన్నాలు బయటి నుంచి చేత్తోనే తిప్పి బిగించండి. మరలు సరిగ్గా పట్టాక సులువుగా తిరగాలి, పట్టకారు అక్కర్లేదు. ఏంటెన్నాలు లేకుండా పరీక్షిద్దామని ఆన్ చేస్తే, పక్కనే రౌటరున్నా సిగ్నల్ కనాకష్టంగా వస్తుంది.

ఆన్ చేశాక

విండోస్ 10, 11 చాలా కార్డులకి డ్రైవరు వాటంతట అవే వేసుకుంటాయి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద కార్డు పేరుంటే సరే. పసుపు గుర్తుతో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని ఉంటే, కార్డు కనిపించింది, డ్రైవరు లేదు. ఏ కంపెనీ చిప్పో పెట్టె మీద రాయకపోతే, దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఈఎన్ అన్న అక్షరాల తర్వాత 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14సీ3 అయితే మీడియాటెక్. ఆ కంపెనీ డ్రైవరే వెతకండి. ‘మీ డ్రైవర్లన్నీ మేమే అప్‌డేట్ చేస్తాం’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

జాబితాలో ఏమీ లేకపోతే కార్డు దిగనట్టు లెక్క. మళ్లీ ఆపి, పీకి, పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, వేరే స్లాటులో పెట్టి చూడండి. కార్డు పెట్టాక కంప్యూటరే ఆన్ కాకపోతే కంగారు పడొద్దు. నొక్కేటప్పుడు మోచెయ్యి తగిలి ర్యామ్, అంటే మెమరీ ముక్క, కదిలి ఉండొచ్చు. ర్యామ్ తీసి మళ్లీ గుచ్చండి.

వైఫై పేర్లు కనిపించాక పాస్‌వర్డ్ కొట్టడం అందరికీ తెలిసిందే. రౌటర్ రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఉంటే, దాని సెట్టింగ్స్‌లో విడదీసి 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టుకోండి, కనీసం పరీక్షించేదాకా. 5 వేగం ఎక్కువ, గోడల్లో త్వరగా చచ్చిపోతుంది. 2.4 నెమ్మది, కానీ గోడలు దాటుతుంది. పక్కింటివాళ్లందరూ 2.4లోనే ఉంటారు కాబట్టి అక్కడ గోల ఎక్కువ. 2.4లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11. ఆ మూడింటిలో ఖాళీగా ఉన్నది రౌటర్‌లో ఎంచుకోండి.

ఏంటెన్నా తిప్పే పూట

కార్డు వెనక బిగించిన ఏంటెన్నాలు ఎక్కడుంటాయి? ఇనప డబ్బా వెనక, బల్ల కింద, గోడకి ఆనించి, వైర్ల గుట్ట మధ్యలో. సిగ్నల్ వచ్చే వైపు డబ్బాయే అడ్డం. తీగ ఏంటెన్నా ఎందుకు కొనమన్నానో ఇదీ కారణం.

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, రౌటర్ చిరునామా, ఎక్కువ ఇళ్లలో 192.168.1.1, మళ్లీ ఖాళీ, తర్వాత హైఫన్, టీ అక్షరం. ఎంటర్ కొడితే సెకనుకో వరస పడుతూ ఉంటుంది. ప్రతి వరసలో ‘టైమ్’ పక్కన మిల్లీసెకన్లు. ఇది రౌటర్ దాకా పోయి రావడానికి పట్టే సమయం. బయటి నెట్‌తో సంబంధం లేదు, మనకి కావాల్సిందీ అదే.

మేనకోడలు తెర ముందు కూర్చుంది, నేను ఏంటెన్నా పట్టుకుని గదంతా తిరిగాను. డబ్బా వెనక పెడితే “నలభై, నూట పది, టైమ్డ్ అవుట్” అని చదువుతోంది. బల్ల మీద పెడితే “పన్నెండు, తొమ్మిది, ముప్ఫై.” కిటికీలో పెడితే బాగుంటుందనుకున్నాను, కిటికీ పెరటి వైపుది, రౌటర్‌కి వీపు చూపించినట్టు. మళ్లీ నూరు దాటింది. చివరికి తలుపు పక్కన గోడ మేకు మీద, మనిషెత్తున పెట్టాను. తలుపు తీసి ఉంటే వంటింటి మీదుగా రౌటర్ వైపు దారి తిన్నగా ఉంది. “మూడు, రెండు, మూడు, రెండు...” అని ఆగకుండా చదువుతూ “మావయ్యా, ఇంక కదపకు!” అని అరిచింది. చోటు మారిస్తే అంత తేడా.

దారిలో ఉన్న వస్తువులు చూసుకోండి. ఇనప బీరువా, ఫ్రిజ్, నీళ్ల డ్రమ్ము, మూడూ సిగ్నల్‌ని మింగేస్తాయి. మా నడిమి గదిలో బీరువా పక్క గోడకి జరిపితే ఇంకొంచెం బాగుపడింది. దాన్ని జరపడానికి ముగ్గురం పట్టాం, అమ్మ చేత తిట్లు అదనం. రౌటర్ ఒకే అంతస్తులో ఉంటే ఏంటెన్నాలు నిటారుగా నిలబెట్టండి. సిగ్నల్ ఏంటెన్నా చుట్టూ గారెలా పరుచుకుంటుంది, కొనల వైపు బలం తక్కువ. అందుకే కొనని రౌటర్ వైపు చూపించకూడదు. రౌటర్ మేడ మీదుంటే ఒకదాన్ని నిటారుగా ఉంచి రెండోది పడుకోబెట్టి చూడండి.

తర్వాత సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, వైఫై, ప్రాపర్టీస్‌కి వెళ్తే బ్యాండు, ఛానలు, లింక్ స్పీడు కనిపిస్తాయి. రెండు ఏంటెన్నాల వైఫై 5 కార్డు దగ్గర్లో 866 ఎంబీపీఎస్ దాకా చూపిస్తుంది, మా పెరటి గదిలో అందులో సగం కూడా రాదు. నెట్ ప్లాను 50 అయితే ఆ సగమూ ఎక్కువే.

పెట్టాక వచ్చే చిల్లర తంటాలు

కాసేపు వాడక వదిలేస్తే నెట్ పోతోందా? డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి అనుమతిచ్చే టిక్కు తీసెయ్యండి. డెస్క్‌టాప్‌కి ఆ పొదుపు ఎందుకు?

వైఫై కలిసినట్టే ఉండి నెట్ రాకపోతే ఐపీ చిరునామా చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ దీనికి నంబరివ్వలేదని అర్థం. రౌటర్ ఒకసారి ఆపి వేస్తే చాలావరకు కుదురుకుంటుంది. పాత కార్డుకి పాస్‌వర్డ్ సరైందే కొట్టినా ఒప్పుకోకపోతే, రౌటర్ డబ్ల్యూపీఏ 3 అనే కొత్త భద్రతా పద్ధతి ఒక్కదాని మీదే ఉందేమో చూసి, డబ్ల్యూపీఏ 2 కూడా కలిసిన పద్ధతికి మార్చండి.

ఇంకొకటి ఉంది, దాని దగ్గర నేను గంటన్నర తలకొట్టుకున్నాను. పింగ్ వస్తోంది, సైట్లు మాత్రం ‘సురక్షితం కాదు’ అని తిప్పికొడుతున్నాయి. కార్డు పీకి మళ్లీ పెట్టాను, డ్రైవరు మార్చాను. చివరికి తెర మూల గడియారం చూస్తే ఏళ్ల కిందటి తేదీ. మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పైతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి. వాచీల కొట్లో ఆ బ్యాటరీ దొరుకుతుంది. పాత మిషన్ మూత ఎలాగూ తీస్తున్నాం కదా, కార్డుతో పాటు అదీ మార్చెయ్యండి.

ఇక ఉరుములు. కార్డు పెట్టాక ల్యాన్ వైరు బెడద పోయింది గానీ పవర్ వైరు ఉండనే ఉంది. మబ్బు పట్టి ఉరిమితే కంప్యూటర్ ప్లగ్గూ రౌటర్ ప్లగ్గూ రెండూ పీకుతాం. స్విచ్ ఆపితే చాలదు. పెంకుల మీంచి తీసేసిన ల్యాన్ వైరుని అమ్మ పెరట్లో రెండు కొబ్బరి చెట్ల మధ్య కట్టి దండెం చేసుకుంది.